మానసిక వైద్యపు గోలీలతో పెరిగే బరువు: నడకతో, వ్యాయామంతో అదుపులో పెట్టుకునే తీరు

మా తమ్ముడు ఒలాంజపైన్ అనే మానసిక వైద్యపు గోలీ వేసుకోవడం మొదలుపెట్టిన మూడో నెలకు వాడి బెల్టు చివరి బెజ్జానికి వచ్చింది. ఇంకొకటి పెడదామని మేకు కాల్చి పట్టుకుంటే, అంచున అర అంగుళం తోలు కూడా మిగల్లేదు. అప్పటిదాకా వాడు లావవుతున్నాడని ఇంట్లో అందరం చూస్తూనే ఉన్నాం, "గోలీలు ఒంటికి పట్టినయి" అని అమ్మ సంతోషపడింది కూడా. ఆ సంతోషం భయంగా మారిన రోజున ఎవరినీ అడగకుండా గోలీలు ఆపేశాం. మూడు వారాలు తిరగకముందే వాడికి నిద్ర దూరమైంది, ఎవరో మాట్లాడుతున్నట్లు గొంతులు మళ్లీ వినిపించసాగాయి, ఏడాది పాటు పడిన కష్టమంతా నీళ్లపాలైంది.

నేను నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. వందలమంది పిల్లలచేత పరుగులు పెట్టించిన నాకు, సొంత తమ్ముడిని వీధి చివరిదాకా నడిపించడం ఎలాగో నేర్చుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. ఇక్కడ రాస్తున్నదంతా ఆ కాలంలో వైద్యులను అడిగి తెలుసుకున్నది, చదువుకున్నది, తమ్ముడితో కలిసి నడిచి సరిచూసుకున్నది. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు ఇలాంటి గోలీలు వాడుతున్నవారిని, వారిని చూసుకుంటున్న ఇంటివారిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. బరువు పెరుగుతున్నదని గోలీ ఆపకండి. గోలీ మొదలైన వారంలోనే నడక కూడా మొదలుపెట్టండి, రోగిని ఒక్కరినే పంపకుండా మీరూ చెప్పులు తొడుక్కోండి.

బరువు ఎందుకు పెరుగుతుంది

"తిని పండుకుంటే దొడ్డుగ గాక ఏమైతడు" అని చుట్టాలు తేలికగా అనేస్తారు. ఆ మాట ఎంత అన్యాయమైనదో తెలియాలంటే గోలీ లోపల చేసే పని కొంతైనా తెలుసుకోవాలి. మెదడులో ఆకలిని పుట్టించే, కడుపు నిండిందని చెప్పే వ్యవస్థలో హిస్టమిన్ హెచ్1, సెరటోనిన్ 5హెచ్‌టీ2సీ అనే గ్రాహకాలకు, అంటే మెదడు రసాయనాల సందేశాన్ని అందుకునే చోట్లకు, పెద్ద పాత్ర ఉంది. కొన్ని మందులు రోగాన్ని అణచే పనితోపాటు ఈ గ్రాహకాలను కూడా అడ్డుకుంటాయి. అందువల్ల నిండా తిన్న అరగంటకే మళ్లీ ఆకలవుతుంది, ముఖ్యంగా తీపి మీదికి, పిండి పదార్థాల మీదికి మనసు పోతుంది. కొన్ని మందులు ఇన్సులిన్ పనితీరును కూడా దెబ్బతీస్తాయి కనుక, బరువు పెద్దగా పెరగనివారిలో సైతం చక్కెర పెరగవచ్చు. దీనికి మందు తెచ్చే మత్తు, రోగమే తెచ్చిపెట్టే నిరాసక్తత తోడవుతాయి.

అన్ని మందులూ ఒకేలా ఉండవు. ఒలాంజపైన్, క్లోజపైన్ అన్నిటికన్నా ఎక్కువగా బరువు పెంచుతాయి. క్వెటియాపైన్, రిస్పెరిడోన్, పాలిపెరిడోన్ మధ్యస్థంగా ఉంటాయి. అరిపిప్రజోల్, లురాసిడోన్, జిప్రాసిడోన్ వల్ల సాధారణంగా తక్కువ పెరుగుతుంది. మూడ్‌ను నిలకడగా ఉంచేందుకు ఇచ్చే వాల్‌ప్రోయేట్, లిథియం, కుంగుబాటుకు ఇచ్చే మిర్టజపైన్, అమిట్రిప్టిలిన్ కూడా బరువు పెంచేవే. మీ చీటీ మీద ఏ పేరు ఉన్నదో చూసుకుంటే ఎంత జాగ్రత్త అవసరమో అంచనాకు వస్తుంది. గోలీ పేరు చదివించుకోవడానికి మందుల దుకాణంలోనైనా అడగవచ్చు, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

బరువు అన్నిటికన్నా వేగంగా పెరిగేది తొలి మూడు నుంచి ఆరు నెలల్లో. అందుకే "ముందు రోగం తగ్గనీ, తరువాత లావు సంగతి చూద్దాం" అని ఆగడం పెద్ద పొరపాటు, మేమూ ఆ పొరపాటే చేశాం. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో, బోండై ప్రాంతంలో, తొలిసారి సైకోసిస్ (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం వంటి స్థితి) వచ్చిన యువతకు మందు మొదలైన తొలి వారాల నుంచే వ్యాయామం, ఆహారం విషయంలో 12 వారాలపాటు దగ్గరుండి తోడ్పడ్డారు. 2016లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, తోడ్పాటు పొందినవారు సగటున 1.8 కిలోలు పెరిగితే, మామూలు వైద్యం మాత్రమే పొందినవారు 7.8 కిలోలు పెరిగారు. పెరిగిన బరువును దించడం కన్నా పెరగకుండా ఆపడం ఎంత సులువో ఆ రెండు అంకెల మధ్య తేడా చెబుతుంది.

తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు ఇతరుల కన్నా 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అందులో గుండెజబ్బుల వంటి శరీర వ్యాధుల వాటా చాలా పెద్దది. ఇది అందచందాల గురించిన విషయం కాదని ఇంట్లోవారు గ్రహించడానికే ఈ మాట రాశాను.

మొదటి అడుగు: కొలతలు రాసి పెట్టుకోవడం

ఒక నోటుబుక్కు తీసుకుని తేదీ వేసి నాలుగు అంకెలు రాయండి: బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపున చక్కెర. పల్లె దవాఖానలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో బరువు, బీపీ, చక్కెర ఉచితంగా చూస్తారు, ఆశా కార్యకర్తను అడిగితే ఏ రోజు రావాలో చెబుతుంది. వీలైతే కొలెస్ట్రాల్ పరీక్ష కూడా చేయించాలి.

నడుమును ప్యాంటు కట్టుకునే చోట కొలవకూడదు. పక్కన చివరి పక్కటెముకను, తుంటి ఎముక పై అంచును వేళ్లతో తడిమి పట్టుకుని, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన దర్జీ టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలిన తరువాత చూడాలి. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదంగా లెక్కిస్తారు. ఎత్తుకు తగిన బరువు లెక్కలోనూ మనవారికి గీత కొంచెం కిందికే ఉంటుంది. బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఇవి దాదాపు 63 కిలోలు, 68 కిలోలు అవుతాయి.

ఇంట్లో వారానికొకసారి, ఒకే రోజున, ఒకే వేళకు, ఒకే కాంటా మీద చూడండి. రోజూ చూస్తే నీటి బరువు అటూఇటూ ఊగి మనసు పాడవుతుంది. ఆసుపత్రిలో నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలకు బరువు చూపించి, ఆ తరువాత మూడు నెలలకొకసారి చూపించాలి. చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు మొదట్లో ఒకసారి, పన్నెండు వారాలకు మరొకసారి, ఆ పైన ఏటేటా చేయించాలి. మందు మొదలైనప్పటి బరువు మీద నూటికి ఐదు వంతులు పెరిగితే, అంటే 60 కిలోల మనిషి 63కు వస్తే, తరువాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా వైద్యుడికి చెప్పాలి.

రెండో అడుగు: వైద్యుడితో మాట్లాడటం

నడక మొదలుపెట్టడానికి చాలామందికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. గుండెజబ్బు, అదుపులేని బీపీ, చక్కెర, మూర్ఛ ఉన్నవారు మాత్రం ముందుగా అడగాలి. క్లోజపైన్ కొత్తగా మొదలైనవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ మందు తొలి రెండు నెలల్లో అరుదుగా గుండె కండరానికి వాపు తెస్తుంది కనుక, ఆ రోజుల్లో ఛాతీ నొప్పి, ఆయాసం, జ్వరం, గుండెదడ వస్తే వ్యాయామం వల్ల అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకొకటి అడగాలి. కాళ్లు ఒకచోట నిలవక, కూర్చోలేక, అటూఇటూ తిరుగుతూనే ఉండాలనిపించడం కొన్ని మందుల దుష్ప్రభావం. ఇంట్లోవారు దాన్ని "మంచిగ నడుస్తుండు" అని పొరబడతారు. లోపల మనిషి నరకం అనుభవిస్తుంటాడు. వైద్యుడికి చెబితే మందు సర్దుతారు. అలాగే, బైపోలార్ (కొన్నాళ్లు కుంగుబాటు, కొన్నాళ్లు అతి ఉత్సాహం వచ్చే రోగం) ఉన్న వ్యక్తి ఉన్నట్టుండి నిద్ర మాని రాత్రింబవళ్లు కిలోమీటర్లకొద్దీ నడవడం మొదలుపెడితే అది మామూలు హుషారు అనుకోకూడదు, మేనియా, అంటే ఆ అతి ఉత్సాహపు దశ, మొదలవుతున్న సూచన కావచ్చు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. అక్కడిదాకా వెళ్లలేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఆ సేవ 2022 అక్టోబరు నుంచి నడుస్తున్నది.

మూడో అడుగు: వేళను గోలీతో కలిపి చూసుకోవడం

పిల్లలకు పొద్దున్నే లేవాలని చెప్పే నేను, తమ్ముడిని కూడా ఐదింటికే లేపబోయాను. రాత్రి తొమ్మిదికి వేసుకున్న మందు మత్తు తెల్లారి ఎనిమిది దాకా వాడి కళ్ల మీదే ఉండేది. వారం రోజులు ఇద్దరం పోట్లాడుకున్నాక, మత్తు లేని వేళ ఏదో వాడినే అడిగాను. "సాయంత్రం నాలుగు దాటినంక జర తేటగుంటది" అన్నాడు. నడక ఆ వేళకే కుదిరింది.

మీరూ అలాగే చేయండి. మూడు రోజులపాటు ఏ గంటకు ఒళ్లు తేలికగా ఉంటున్నదో రోగినే చెప్పమనండి. పడక మీద నుంచి లేవగానే నడకకు బయలుదేరకూడదు, ఎందుకంటే క్వెటియాపైన్, క్లోజపైన్, రిస్పెరిడోన్ వంటివి లేచి నిలబడగానే బీపీని పడేసి కళ్లు తిరిగేలా చేస్తాయి. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, కాలి మడమలు ఇరవైసార్లు పైకి కిందికి ఆడించి, నెమ్మదిగా నిలబడి, గోడ పట్టుకుని ఒక నిమిషం నిలిచిన తరువాతే అడుగు వేయించాలి.

నాలుగో అడుగు: తొలి రెండు వారాలు

అసలు పని అంతా ఇక్కడే ఉంది. ఈ రెండు వారాల్లో బరువు తగ్గించే ఆలోచనే పెట్టుకోవద్దు. గడప దాటడం అలవాటు కావడమే లక్ష్యం.

మొదటి రోజు వాడు మంచం అంచున కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాను. "అన్నా, నాతోని కాదు" అన్నాడు. "రావిచెట్టు దాక పోదాం, అరుగు మీద కూసుందాం, మళ్లొద్దాం" అన్నాను. మా ఇంటి నుంచి రావిచెట్టు దాకా రెండు వందల అడుగులు కూడా ఉండవు. వెళ్లాం, కూర్చున్నాం, వాడు ఒక ఆకు తెంపి ఈనెలు వేలితో రాస్తూ ఉండిపోయాడు, తిరిగి వచ్చాం. మొత్తం పన్నెండు నిమిషాలు, అందులో నడిచినది నాలుగే. ఆ రోజు నోటుబుక్కులో "రావిచెట్టు" అని రాశాను. నాలుగో రోజు గడప దాటనన్నాడు. అప్పుడు వాకిట్లోనే పక్కపక్కన నిలబడి వచ్చేపోయేవారిని చూశాం. దాన్ని కూడా "వాకిలి" అని రాశాను. ఏమీ చేయని రోజు అనేది ఆ బుక్కులో లేకుండా చూసుకోవడం వల్ల వాడికి ఓడిపోయానన్న భావన రాలేదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

నిరాసక్తత ఈ రోగాల లక్షణాల్లోనే ఒకటి. మనిషికి చేయాలని ఉన్నా లోపలి నుంచి కదలిక పుట్టదు. అందుకే "నడువు" అని వందసార్లు చెప్పినా కదలని మనిషి, "పోదాం పా" అని పక్కన నిలబడితే కదులుతాడు. ఇంట్లో ఎవరెవరు ఏ రోజు తోడు వెళ్లాలో ముందే పంచుకోండి. తోడు వెళ్లినవారు దారి పొడవునా సలహాలు చెప్పకూడదు. మౌనంగా నడిచినా, చేనులో పత్తి గురించి మాట్లాడుకున్నా సరిపోతుంది.

రోజుకు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి రెండో వారం చివరికి పది నిమిషాలకు రండి. దారి ఎంచుకోవడంలో జనం ఎంతమంది ఉంటారన్నది ముఖ్యం. ఎవరో తనను చూస్తున్నారని, తన గురించే మాట్లాడుకుంటున్నారని అనిపించే దశలో ఉన్నవారిని నల్లగొండలో సాయంత్రం రద్దీగా ఉండే మైదానానికి తీసుకువెళ్తే రెండోసారి రారు. అలాంటివారికి పానగల్లు వైపు ఉదయసముద్రం కట్ట, మహబూబ్‌నగర్‌లోనైతే పెద్ద చెరువు కట్ట, జనం పల్చగా ఉండే వేళల్లో బాగుంటాయి. పల్లెల్లో పల్లె ప్రకృతి వనం, క్రీడా ప్రాంగణం ఎలాగూ ఉన్నాయి. కుక్కలున్న వీధుల్లో చేతికర్ర మరవకండి.

ఊళ్లో ఎవరో ఒకరు ఎదురై "ఏమైంది గింత దొడ్డుగైండు" అంటారు. దానికి జవాబు ఇంట్లోనే తయారు చేసుకుని బయలుదేరాలి. "మందులు వాడుతున్నం, అందుకే నడుస్తున్నం" అని నేనే చెప్పేవాడిని. పది రోజుల తరువాత ఆ జవాబు వాడే చెప్పాడు.

ఐదో అడుగు: మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా

ఇప్పుడు వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. ఏడో వారానికి రోజుకు ముప్పై, ముప్పైఐదు నిమిషాలకు చేరతారు. వారానికి ఐదు రోజులు అలా నడిస్తే పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన 150 నుంచి 300 నిమిషాల లెక్కలో కింది గీత దాటినట్టే. ఒకేసారి ముప్పై నిమిషాలు నడవలేనివారు తిండి తరువాత పదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు నడవవచ్చు. భోజనం తరువాతి నడక చక్కెరను అదుపు చేయడానికి ప్రత్యేకంగా మంచిది.

వేగం ఎంత ఉండాలన్నదానికి నాడి లెక్కపెట్టుకోమని సాధారణంగా చెబుతారు. ఈ రోగుల విషయంలో ఆ లెక్క నమ్మదగినది కాదు. క్లోజపైన్ వేసుకునేవారికి కూర్చుని ఉన్నా గుండె వేగంగా కొట్టుకోవచ్చు, వణుకుకు ప్రొప్రనలాల్ వేసుకునేవారికి ఎంత నడిచినా నాడి అంతగా పెరగదు. కాబట్టి మాటతో కొలవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడటం మాత్రం కష్టంగా ఉండాలి. పాడగలిగితే వేగం చాలదు, రెండు మాటలకే ఊపిరి అందకపోతే తగ్గించాలి.

ఇక్కడ ఒక నిజం చెప్పకపోతే ఆ తరువాత నిరుత్సాహపడతారు. 80 కిలోల మనిషి అరగంట ఓ మోస్తరు వేగంతో నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 140 కేలరీలు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు ఒకటి తాగితే ఇంచుమించు అంతా తిరిగి వస్తుంది. కాబట్టి నడక ఒక్కటే కాంటా మీది ముల్లును పెద్దగా కదపదు. అయినా నడుము చుట్టుకొలత, బీపీ, చక్కెర, నిద్ర, మనసులోని దిగులు మెరుగుపడతాయి, కొన్నిసార్లు బరువులో ఏమీ కనిపించకముందే. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో తీవ్ర మానసిక వ్యాధులున్న 291 మందితో జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. బృందంగా వ్యాయామం, ఆహారం మీద పాఠాలు 18 నెలలు అందుకున్నవారు మిగతావారితో పోల్చితే సగటున 3.2 కిలోలు ఎక్కువగా తగ్గారు, పైగా ఆ తగ్గుదల మధ్యలో ఆగిపోకుండా చివరిదాకా నెమ్మదిగా సాగింది. ఏడాదిన్నరకు మూడు కిలోలేనా అని నిట్టూర్చవద్దు. అదే కాలంలో పది కిలోలు పెరిగే వీలున్న మనిషి విషయంలో అది చాలా పెద్ద ఫలితం.

ఆరో అడుగు: కండరాలకు బలం

వారానికి రెండు రోజులు, పదిహేను నిమిషాలు చాలు. కుర్చీ, గోడ, రెండు నీళ్ల సీసాలు ఉంటే సరిపోతుంది.

కుర్చీ వ్యాయామాన్ని వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని చాలామంది తప్పుగా చేస్తారు. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. దాని ముందు అంచున కూర్చుని, పాదాలను భుజాలంత ఎడంగా, మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి ఉంచండి. చేతులను ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవండి. కూర్చునేటప్పుడు ధబీమని పడకుండా మనసులో మూడు లెక్కపెడుతూ దిగండి. ఆ దిగడంలోనే తొడలు గట్టిపడతాయి. మొదట ఐదుసార్లు చేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఐదుసార్లు చేయాలి. పది పదిహేను తేలికగా వచ్చిన తరువాత చేతుల్లో లీటరు సీసాలు పట్టుకోవచ్చు. తల తిరిగేవారి పక్కన ఒకరు నిలబడి ఉండాలి. దీనితోపాటు గోడకు చేతులానించి చేసే దండీలు పది, సీసాలను భుజాల మీదికి ఎత్తడం పది, మడమలెత్తి నిలబడటం పదిహేను.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవారికి వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. వారి చేత గెంతులు, లోతుగా గొంతుకూర్చోవడం, నడుము మెలితిప్పడం చేయించకూడదు. ఎత్తు కుర్చీ, చదునైన దారి, నొప్పి పుట్టే ముందే ఆగడం వారికి తగినవి. రిస్పెరిడోన్ ఏళ్ల తరబడి వాడి, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు ఎముకలు పలుచబడే ప్రమాదం ఉంటుంది, ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.

ఇల్లు దాటలేనివారికి, పొలం పని చేసేవారికి

ఆడవారు సాయంత్రం ఒంటరిగా రోడ్డు మీద నడిస్తే ఊరు నాలుగు మాటలు అంటుంది, మానసిక రోగమని తెలిస్తే ఇంకో నాలుగు అంటుంది. తలుపు వేసుకుని ఇంట్లోనే చేయగలిగినది మన దగ్గరే ఉంది. బతుకమ్మ ఆటలో చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ, గుండ్రంగా తిరిగే అడుగులను సెల్‌ఫోనులో పాట పెట్టుకుని పదిహేను నిమిషాలు ఆడితే ఓ మోస్తరు వేగపు నడకకు సమానమైన శ్రమ అవుతుంది. వదిన మరదళ్లు, తల్లీ బిడ్డలు కలిసి ఆడితే తోడు కూడా దొరికినట్టే. కోలాటమైతే ఇంకా మంచిది. పండుగ తొమ్మిది రోజులకే దాన్ని దాచిపెట్టుకోనవసరం లేదు.

"చేన్ల పని చేస్తనే ఉన్నం, ఇంక నడుసుడేంది" అనేవారి మాటలో నిజం ఉంది. నాటు వేయడం, పత్తి ఏరడం, మూటలు మోయడం వ్యాయామమే, ఆ రోజుల్లో విడిగా నడవమని పట్టుబట్టవద్దు. పత్తి అయిపోయి చేను ఖాళీగా ఉన్న నెలల్లో తిండి మాత్రం పని రోజుల లెక్కనే సాగుతుంది. బరువు పెరిగేది అప్పుడే. పని రోజులను, ఖాళీ రోజులను నోటుబుక్కులో వేరుగా గుర్తుపెట్టి, ఖాళీ రోజుల్లో మాత్రమే నడక పెట్టుకోండి.

ఎండ, నీళ్లు, లిథియం

నల్లగొండ మే నెల ఎండ ఎలా ఉంటుందో మనకు చెప్పనక్కరలేదు, 45 డిగ్రీలకు దగ్గరగా వెళ్లే రోజులుంటాయి. ఈ మందులు వాడేవారికి ఆ ఎండ మామూలువారికన్నా ఎక్కువ ప్రమాదకరం. సైకోసిస్ మందులు శరీరం తన వేడిని తాను సర్దుకునే శక్తిని తగ్గిస్తాయి, చేతుల వణుకుకు, బిగుసుకుపోవడానికి తోడుగా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమటనే తగ్గిస్తుంది. చెమట పట్టడం లేదు కనుక అలసట లేదని అనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. మార్చి చివరి నుంచి వానలు పడేదాకా పొద్దున తొమ్మిదికి ముందో, సాయంత్రం ఆరు దాటిన తరువాతో మాత్రమే నడవాలి, మరీ వేడిగా ఉన్న రోజుల్లో ఇంట్లో ఫ్యాను కింద కుర్చీ వ్యాయామంతో సరిపెట్టుకోవాలి.

లిథియం వాడేవారికి ఇంకొక హెచ్చరిక. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. చేతుల వణుకు ఎక్కువ కావడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట తడబడటం కనిపిస్తే నడక మాట పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బరువు తగ్గాలని ఉన్నట్టుండి ఉప్పు మానేయకూడదు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టి ఒళ్లు నొప్పులు వస్తే దుకాణంలో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకోవడం చాలామందికి అలవాటు. ఆ గోలీలు లిథియం స్థాయిని పెంచుతాయి. నొప్పికి ఏది వాడాలో వైద్యుడినే అడగండి, సాధారణంగా పారాసిటమాల్ చెబుతారు.

తిండి గురించి అవసరమైనంత

గోలీ తెచ్చే ఆకలిని బుద్ధి చెప్పి ఆపలేం. రాత్రి తొమ్మిది దాటాక వంటింట్లోకి వెళ్లే మనిషికి చేతికి ఏది అందుతుందన్నది మాత్రం మన చేతుల్లో ఉంది. బిస్కెట్లు, మిక్చరు డబ్బా కనిపించే చోట ఉంచకుండా, ఉడికించిన బొబ్బెర గుడాలో శనగ గుడాలో ఒక గిన్నె, కీరదోస, పలుచని మజ్జిగ పెట్టి ఉంచండి. ఈ మందులతో నోరు ఎండుతుంది, దాహానికి కూల్‌డ్రింకు తాగే అలవాటు అక్కడే మొదలవుతుంది. రోజుకు ఐదారు చాయ్‌లు తాగేవారైతే చక్కెరను సగానికి తగ్గించడం ఒక్కటే నెలలో తేడా చూపిస్తుంది.

కల్లు విషయం దాటవేయలేను. మన ప్రాంతంలో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు అమ్ముతూ పట్టుబడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మానసిక వైద్యపు గోలీల మీద అది తాగితే మత్తు రెండింతలై ఊపిరికే ప్రమాదం. ఏళ్లుగా తాగుతున్నవారు ఒక్కసారిగా మానేసినా ఫిట్స్ రావచ్చు, అందువల్ల వైద్యుడి పర్యవేక్షణలోనే మానిపించాలి.

వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు

నడుస్తున్నప్పుడు ఛాతీలో నొప్పి, బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. తీవ్ర జ్వరంతోపాటు ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయి, మాట తేడాగా వస్తే అది మందు వల్ల అరుదుగా వచ్చే ప్రాణాంతక స్థితి కావచ్చు, వడదెబ్బ అనుకుని ఇంట్లో ఉంచుకోకూడదు. క్లోజపైన్ వాడేవారికి గొంతునొప్పి, జ్వరం వస్తే రక్తపరీక్ష తప్పనిసరి.

పన్నెండు వారాల తరువాత కూడా బరువు పెరుగుతుంటే

నోటుబుక్కు తీసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లండి. "నడుస్తున్నం సార్" అనే మాట కన్నా తేదీలతో ఉన్న అంకెలు ఎక్కువ పని చేస్తాయి, మా విషయంలో ఆ బుక్కు చూసిన తరువాతే వైద్యుడు మందు గురించి కూర్చుని మాట్లాడారు. బరువు తక్కువగా పెంచే మందుకు నెమ్మదిగా మార్చడం, మోతాదు సర్దడం, చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్ జోడించడం వంటి దారులు వైద్యుడి చేతుల్లో ఉన్నాయి. మందు మార్పులో రోగం తిరగబెట్టే ప్రమాదం కూడా ఉంటుంది కనుక, మార్చిన తరువాత నెలరోజులు నిద్రను, మాటతీరును ఇంట్లోవారు కనిపెట్టి చూడాలి. క్లోజపైన్ ఒక్కటే పని చేసిన రోగికి దాన్ని మార్చడం చాలాసార్లు కుదరదు. అలాంటివారికి నడకే జీవితకాలపు తోడు.

మధ్యలో ఆగిపోయినప్పుడు

ఆగిపోతుంది. రోగం తిరగబెడుతుంది, ఇంట్లో పెళ్లో చావో వస్తుంది, వారం పాటు ముసురు పడుతుంది. ఒక వారం ఆగితే, ఆగే ముందు నడిచిన సమయంలో సగంతో మళ్లీ మొదలుపెట్టండి. నెల ఆగితే పది నిమిషాల దగ్గరికి వెళ్లండి. ఆసుపత్రిలో చేరి వచ్చిన తరువాతైతే మొదటి వారపు ఐదు నిమిషాల నుంచే మొదలవ్వాలి, మందు మోతాదు మారి ఉంటుంది కనుక మత్తు లేని వేళను కూడా కొత్తగా అడిగి తెలుసుకోవాలి. పోయినేడు వానాకాలంలో మా తమ్ముడు నలభై రోజులు నడవలేదు. నలభై ఒకటో రోజు సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి వాడు చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. "రావిచెట్టు దాక" అన్నాడు. బుక్కులో ఆ పేజీకి తేదీ వాడే వేశాడు.